మా అత్తమ్మ నింపిన తూటాలు

మా మామగారు చనిపోయిన నెలరోజులకు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పేరు మీద ఒక తుపాకీ లైసెన్సు ఉందని, మనిషి లేడు కనుక ఆ తుపాకీ ఇక ఇంట్లో ఉండకూడదని, లైసెన్సు ఉన్న ఏదైనా తుపాకుల దుకాణంలో అప్పగించి రసీదు తెచ్చి చూపించాలని చెప్పారు. చెప్పిన మనిషి మర్యాదగానే చెప్పాడు. చావింటికి ఫోన్ చేస్తున్నానన్న ఎరుక అతని గొంతులో ఉంది.

తుపాకీ సంగతి మాకు తెలియనిదేమీ కాదు. నాంపల్లి రైల్వే స్టేషన్ వెనక గల్లీలో, మేడ మీద మా ఇల్లు. ఇరవై రెండేళ్ల కిందట నేను కోడలిగా వచ్చింది ఆ ఇంటికే. మా మామగారు లక్డీకాపూల్‌లో ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఏడాదికోసారి, దసరానాడు, ఆయన మంచం కింది చెక్క పెట్టెను బయటికి లాగి, పాత దుప్పట్లో చుట్టిన తుపాకీని తీసి, నూనె గుడ్డతో తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, మళ్ళీ చుట్టి లోపల పెట్టేవారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించి, అయిపోయాక వెళ్ళి తెచ్చుకునేవారు. ఆయన దాన్ని పేల్చగా ఎవరూ చూడలేదు. మా ఆయనకైతే దీపావళి టపాకాయ పేలినా గుండె దడదడలాడుతుంది. ఫోన్ పెట్టేయగానే ఆయన, ఎవరికైనా ఇచ్చేద్దాం, పీడా పోతుంది అన్నారు. అత్తమ్మ పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చుంది.

మర్నాడు మా ఆయనకు ఆఫీసు ఉంది. నేను సెలవు పెట్టి, పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చుకున్న కాగితం సంచిలో పెట్టుకుని, అత్తమ్మతో కలిసి అబిడ్స్‌కు ఆటో ఎక్కాను. దుప్పటి చుట్టిన తుపాకీని ఆమె మోకాళ్ళ మధ్య నిలబెట్టి రెండు చేతులతో పట్టుకుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. కాస్త దూరం పోయాక ఆటో అతను అద్దంలోంచి చూసి, అమ్మా, అది ఫ్యాన్ రాడ్డా అని అడిగాడు. కాదు నాయినా, తుపాకి అంది అత్తమ్మ. అతను గట్టిగా నవ్వాడు. ముసలామె హాస్యమాడిందనుకున్నాడు. ఆమె కూడా అతని నవ్వు చెడగొట్టలేదు.

దుకాణం ఒక చెప్పుల షాపుకూ కళ్ళద్దాల షాపుకూ మధ్య ఇరుక్కుని ఉంది. ఎన్ని వందల సార్లు ఆ ఫుట్‌పాత్ మీద నడిచానో, అక్కడ ఒక తుపాకుల దుకాణం ఉందని ఎన్నడూ గమనించలేదు. యజమానికి డెబ్బై దాటి ఉంటాయి. మూడు తరాలుగా వాళ్ళ కుటుంబానిది అదే వ్యాపారం. అందరూ ఆయన్ని సేటు అంటారు. ఎండాకాలంలో కూడా చేతుల్లేని స్వెటర్ వేసుకుంటాడు. ఆయన తుపాకీని రెండు చేతులా అందుకుని, కిందున్న ఇనప మీటను కిందికి లాగి, గొట్టంలోంచి వీధి వైపు వెలుతురులోకి చాలాసేపు చూశాడు.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. తను అమ్మే తూటాలు దీనికి పట్టవు. ఇది నల్లటి తుపాకిమందు కాలం నాటి రైఫిల్. ఖాళీలు అనే ఇత్తడి తొడుగుల్లో మందు చేత్తో నింపుకుని, సీసపు గుండు బిగించుకుని కాల్చాలి. ఒక్కసారికి ఒక్కటే. ఈ ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా మిగల్లేదు. కనుక మాకు ఉన్నవి మూడు దారులు: సర్కారుకు అప్పగించడం, లేకపోతే పేలకుండా చేయించి గోడకు తగిలించుకోవడం, లేకపోతే వారసుల్లో ఎవరైనా లైసెన్సు తీసుకోవడం.

సర్కారుకే ఇచ్చేస్తామని చెప్పబోతుంటే అత్తమ్మ సంచిలోంచి ఒక తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టింది. అది ఆమె తెచ్చినట్టు కూడా నాకు తెలియదు. లోపల పన్నెండు ఇత్తడి ఖాళీలు, సీసపు గుండ్లు పోసే పటకారు లాంటి ఇనప అచ్చు ఉన్నాయి.

"గిది మా ఆయినది కాదు సేటూ. మా నాయినది. చేన్లకు అడివి పందులు రాకుండ కావలి కాస్తుండె. మొగపిల్లలు లేరని అల్లుని పేరు మీదికి మార్పిచ్చిండు. తూటాలు నేనే నింపుతుంటి."

సేటు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఆయనకు నమ్మకం కుదరలేదని ముఖంలో కనిపించింది. మందు పోసినంక దాని మీద ఏం పెడ్తుంటిరమ్మా అని అడిగాడు.

"అట్టబిళ్ళ. పెండ్లి పత్రికలు గుండ్రంగ కొట్టి పెడ్తుంటి. దాని మీద మైనం బిళ్ళ. గప్పుడు గుండు."

ఆయన తల ఊపి, మా ఇద్దరికీ చాయ్ తెప్పించాడు. ఆ తర్వాత మాటలన్నీ అత్తమ్మతోనే. ఆమెకే లైసెన్సు ఇప్పించవచ్చా అని నేను అడిగితే, రెండు కళ్ళకూ శుక్లాలున్నాయి, డాక్టర్ సర్టిఫికెట్ దొరకదు అన్నాడు. కొడుకు వద్దంటే కోడలు తీసుకోవచ్చా అని అడిగింది. ఇంట్లో మిగతావాళ్ళు అభ్యంతరం లేదని రాసిస్తే తీసుకోవచ్చన్నాడు. అప్పుడు ఇద్దరూ నా వైపు చూశారు.

నేను బషీర్‌బాగ్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్‌ని. పంతొమ్మిదేళ్లుగా ద్రావణాలు కలపడం, బరువులు తూచడం, గాజు సామాను కడగడం నా పని. అత్తమ్మ నన్ను అంతకుముందు ఏదీ అడగలేదు. వంటింట్లో ఇది చెయ్యి, అది చెయ్యి అనడమే తప్ప, ఇది నాకు కావాలి అన్నది ఎన్నడూ లేదు. ఆమె ముఖం చూసి నేను సరే అన్నాను. నిజం చెప్పాలంటే, ఎలాగూ లైసెన్సు రాదులే అన్న ధైర్యంతోనే అన్నాను.

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడి, తుపాకిమందు మాత్రం ఇంట్లోకి రాకూడదన్నారు. ఆ మాట సేటుతో చెబితే, చట్టం కూడా అదే చెప్తది, నా రూలు కూడా అదే అన్నాడు. తుపాకిమందు, దుకాణం లైసెన్సు మీద, దుకాణంలోనే ఉంటుంది. నింపడం అక్కడే, ఆయన కళ్ళ ముందరే. తుపాకీ కూడా అక్కడి బీరువాలోనే.

లైసెన్సుకు చాలా నెలలు పట్టింది. కాగితాలు, ఫొటోలు, వేలిముద్రలు, శిక్షణ తరగతి. కాలేజీ నుంచి పోలీస్ కమిషనర్ ఆఫీసు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండటంతో లంచ్ టైములో పోయి వస్తూ ఉండేదాన్ని. ఒక అధికారి నా కాగితాలన్నీ చదివి, మీకు తుపాకీ ఎందుకు మేడమ్ అని అడిగాడు. మా అత్తమ్మ అడిగిందండి అన్నాను. ఆయన నవ్వి, నేను నవ్వడం లేదని చూసి, పెన్ను కాసేపు ఆపి, టార్గెట్ ప్రాక్టీస్ కోసం అని రాసుకున్నాడు. కాలేజీలో ఇంకో చిక్కు వచ్చింది. స్టాఫ్ రూంలో ఒక మేడమ్‌తో, ఆదివారాలు నల్లమందు పని నేర్చుకోబోతున్నానని చెప్పాను. తెలుగులో నల్లమందంటే అభిని అని ఆ క్షణంలో నాకు తోచలేదు. ఆవిడ నన్ను పక్కకు తీసుకెళ్ళి, ఇంట్లో ఏమైనా కష్టం ఉంటే చెప్పుకోమని చేతులు పట్టుకుంది.

ఈలోగా అత్తమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుంది. అంతకు నాలుగేళ్ల ముందు నుంచి డాక్టర్ చెబుతూనే ఉన్నా, మా ఆయన బతిమాలుతూనే ఉన్నా, దవాఖాన మాట ఎత్తితే చాలు వేరే పని ఉందని లేచి పోయేది. ఇప్పుడు తనే పంచాంగం చూసుకుని రోజు చెప్పింది. మొదట కుడి కన్నే చెయ్యమంది. నేను ఆ రోజు దాని గురించి ఏమీ ఆలోచించలేదు.

నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తున్న రోజుల్లో లైసెన్సు వచ్చింది. నాంపల్లి రోడ్లన్నీ జనంతో కిక్కిరిసి ఉన్నాయి. ఆ కాగితం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని, బ్యాగును ఛాతీకి అదుముకుని ఇంటికి నడిచాను. అత్తమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి, తర్వాత అందులో నా పేరున్న చోట వేలు పెట్టి చూసింది.

ఆదివారం అబిడ్స్ వేరేగా ఉంటుంది. షాపుల షట్టర్లు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్‌ల పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. మేమిద్దరం ఆ పుస్తకాల మధ్య నుంచి నడిచి, సగం లేపిన షట్టరు కింద వంగి లోపలికి వెళ్ళేవాళ్ళం. వెనక ఒక గది, ఒక కిటికీ, ఒక పాత టేకు బల్ల. సేటుకు ఆ గదిలో చాలా నియమాలు. ఫోన్లు ముందు గది సొరుగులో పెట్టాలి. నైలాన్ చీరలు కట్టకూడదు, నూలువే కట్టాలి. ఫ్యాన్ వేయకూడదు. నింపేటప్పుడు మాట్లాడకూడదు. లైసెన్సు ఎవరిదో వాళ్ళ చేతులే మందు ముట్టాలి. అత్తమ్మకు ఒక కుర్చీ వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడమన్నాడు.

మందు ముట్టని పనులన్నీ ఆమె లాక్కుంది. పెరటి నల్లా దగ్గర కూర్చుని, ఏళ్ల తరబడి నల్లబడిపోయిన ఇత్తడి ఖాళీలను చింతపండుతో తోమింది. పూజ సామాను తోమినట్టే తోమి, పన్నెండింటినీ ఎండలో బోర్లించింది. ఉస్మాన్‌గంజ్‌కు పోయి తేనెమైనం తెచ్చుకున్నాం. కొట్టతను చెప్పులు కుట్టడానికా అని అడిగితే, తుపాకికి అని చెప్పింది. మైనంలో ఆముదం ఎంత కలపాలో ఆమెకు కొలత లేదు. వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఇంకొంచెం అనేది. మా పెళ్ళి పత్రికలు మిగిలినవి ఒక కట్ట ఇంట్లో ఉండేది. సేటు ఇచ్చిన గుండ్రటి ఉలితో వాటిని బిళ్ళలుగా కొట్టింది. మా ఆయన పేరులో సగం ఒక బిళ్ళ మీద, నా పేరులో సగం ఇంకో బిళ్ళ మీద వచ్చాయి. సేటు కోసం ప్రతిసారీ సర్వపిండి తెచ్చేది. ఆయన పళ్ళు లేని వైపు కాకుండా రెండో వైపు జాగ్రత్తగా నములుతూ తినేవాడు.

నేను మాత్రం నా పని నాకు తెలుసనుకున్నాను. కాలేజీలో వాడేలాంటి తక్కెడ ఒకటి సేటు బల్ల మీద పెట్టాడు. ప్రతి తూటాకూ మందును గింజ తేడా లేకుండా తూచాను. తూచి, గరాటుతో ఖాళీలోకి ఒక్కసారిగా పోశాను. బిళ్ళ పెట్టి నొక్కాను. రెండోదో మూడోదో పోస్తుంటే అత్తమ్మ, బిడ్డా, అని ఏదో అనబోయింది. మాట్లాడొద్దన్నరు కద అత్తమ్మా అన్నాను, తల ఎత్తకుండానే. ఆమె నోరు మూసుకుంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

కాల్చడానికి ముందు సేటు తుపాకీని తన మిస్త్రీతో పూర్తిగా పరీక్ష చేయించాడు. మొదటి తూటా ఎవరూ భుజానికి ఆనించి కాల్చలేదు. ఊరి బయట గుట్టల పక్కనున్న షూటింగ్ రేంజ్‌లో, తుపాకీని ఒక చెక్క చట్రానికి కట్టి, అందరం దూరంగా గోడ వెనక నిలబడి, పొడుగాటి తాడుతో లాగారు. గొట్టానికి ఏమీ కాలేదని మిస్త్రీ చూసి చెప్పాకే నా చేతికి ఇచ్చారు. ఆ రోజు మా ఆయన కూడా వచ్చారు. రానని రాత్రి దాకా అని, పొద్దున్నే లేచి రెండు ఫ్లాస్కుల నిండా మరిగే నీళ్ళు పోసుకుని సిద్ధంగా కూర్చున్నారు. ఈ మందు కాల్చాక గొట్టం లోపల నల్లటి మసి పేరుకుంటుందని, వేడినీళ్ళతో కడగకపోతే తుప్పు పడుతుందని సేటు చెప్పిన మాట ఆయన నా ద్వారా విని గుర్తుపెట్టుకున్నారు.

మొదటిసారి ట్రిగ్గర్ నొక్కినప్పుడు చప్పుడు నేను అనుకున్నంత పదునుగా లేదు. బరువైన తలుపు ఎక్కడో కిందికి పడ్డట్టు ఒక మోత. భుజాన్ని ఎవరో నెట్టినట్టయింది. ఎదురుగా తెల్లటి పొగ గోడలాగా లేచి, లక్ష్యం కాదు కదా, గుట్ట కూడా కనిపించలేదు. పొగ తేలిపోయేదాకా, కుళ్ళిన కోడిగుడ్ల వాసనలో నిలబడి ఎదురుచూడాలి. పక్క వరసల్లో కొత్త రైఫిళ్ళతో సాధన చేసే వాళ్ళందరూ ఆపి చూశారు. మిగిలిన పదకొండు తూటాల్లో ఏడు లక్ష్యపు కాగితాన్ని ముట్టలేదు. మిగతా నాలుగూ నాలుగు మూలల్లో ఉన్నాయి. రేంజ్‌లోని కోచ్ మంచివాడు, మొదటి రోజుకు ఇది చాలా నయం అన్నాడు. మా ఆయన చెవుల్లో దూది పెట్టుకుని, వేడినీళ్ళు పోస్తూ, నా భుజం నొప్పి పుడుతోందా అని సైగలతో అడిగారు.

తిరిగి వస్తుంటే కారులో అత్తమ్మ మెల్లగా అంది, మందు గట్ల ఒక్కసారి పోస్తే కూసోదు బిడ్డా అని. నేను అలిసిపోయి ఉన్నాను, ఓడిపోయి ఉన్నాను. అన్నీ ఒకే బరువు తూచానని, బరువు ఒకటైతే ఎలా పోసినా ఒకటేనని చెప్పాను. కాలేజీ పిల్లలతో మాట్లాడే గొంతుతో చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సాయంత్రం అన్నానికి బియ్యం తీస్తూ నన్ను వంటింట్లోకి పిలిచింది. రెండు ఒకేలాంటి స్టీలు గ్లాసులు పెట్టింది. చిన్న కొలపాత్రతో రెండు కొలతల బియ్యం విడివిడిగా పక్కన పోసుకుంది. మొదటి కొలతను ఒక గ్లాసులో ఒక్కసారిగా గుమ్మరించింది. రెండో కొలతను గుప్పిట్లోకి తీసుకుని, చెయ్యి పైకెత్తి, సన్నటి ధారగా, నెమ్మదిగా రెండో గ్లాసులోకి జార్చింది. మొదటి గ్లాసు అంచు దాకా నిండింది. రెండో దాంట్లో వేలు మందం ఖాళీ మిగిలింది.

నేను రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూశాను. పంతొమ్మిదేళ్లు ల్యాబులో పనిచేసిన దాన్ని. గింజలు సర్దుకునే తీరును బట్టి మంట అంటుకునే తీరు మారుతుందని నాకు తోచలేదు. ఆమెకు పన్నెండేళ్ల వయసు నుంచి తెలుసు.

"నువ్వు మస్తు మంచిగ తూస్తవు," అంది. "నాకు గట్ల తూసుడు రాదు. గానీ మందును జర ఓపికతోని పొయ్యాలె. తొందర పడితే అది నీ మాట వినదు."

క్షమించమని అడిగాను. ఆమె గ్లాసుల్లోని బియ్యం గిన్నెలో వేసి కడగడం మొదలుపెట్టింది.

తర్వాతి ఆదివారం సేటుకు జరిగింది చెప్పాను. ఆయన లేచి, బీరువా పై అరలోంచి మూర పొడవున్న సన్నటి ఇత్తడి గొట్టం ఒకటి తీశాడు. దానికి పైన చిన్న గరాటు. వాళ్ళ నాయన వాడేదట. మందును దాన్లోంచి కొంచెం కొంచెంగా జార్చేవాడట. తను ఈ వ్యాపారంలోకి వచ్చేనాటికి అంతా తయారుగా వచ్చే తూటాలే కనుక, అది ఎందుకో ఎన్నడూ అడగలేదన్నాడు. ఆ గొట్టాన్ని అత్తమ్మ చేతికిచ్చాడు. ఆమె కొంగుతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మెచ్చుకోలుగా తల ఊపింది.

ఆ రోజే ఆయన ఇంకో మాట చెప్పాడు. అత్తమ్మ రేంజ్ క్లబ్బులో సభ్యురాలిగా చేరితే, పోలీసు విచారణ, కంటి సర్టిఫికెట్ సరిగ్గా ఉంటే, తన ముందు గానీ కోచ్ ముందు గానీ ఆమె కూడా ఈ పనిలో చెయ్యి వేయవచ్చు. మళ్ళీ కాగితాలు, మళ్ళీ ఫొటోలు. ఈసారి ఫొటో స్టూడియోకు అత్తమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. కార్డు వచ్చాక సేటు తన నియమాన్ని సవరించి, మందు పొయ్యడం ఆమెకు అప్పగించాడు. నేను తూచేదాన్ని, ఆమె పోసేది. కళ్ళు సగం మూసి, పెదవులు కదుపుతూ, గొట్టంలోకి మందు జారుస్తుంటే సన్నటి ఇసుక రాలినట్టు శబ్దం. ఆ గదిలో ఆ ఒక్క శబ్దమే వినిపించేది. సేటు గుమ్మంలో నిలబడి, తను కూడా ఊపిరి బిగపట్టుకునేవాడు.

ఆ తూటాలతో కాల్చిన రోజు పన్నెండింటిలో తొమ్మిది, అన్నం పళ్ళెం అంత జాగాలో పడ్డాయి. కోచ్ కాగితం విప్పి తెచ్చి, ఎవరు లోడ్ చేశారని అడిగాడు. నేను వేలితో చూపించాను. అత్తమ్మ అప్పటికే నల్లబడిన ఖాళీలను బకెట్ నీళ్ళలో వేస్తోంది. అతను దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టాడు. ఆమె తడి చేతులతోనే తిరిగి పెట్టింది.

ఆ రోజు ఇంటికి వచ్చాక ఇద్దరం బాల్కనీలో కూర్చున్నాం. కింద స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. నాకు అప్పటిదాకా అడగాలని తోచని ప్రశ్న అప్పుడు తోచింది. మీరు ఎన్నడన్న కాల్చిన్రా అత్తమ్మా అని అడిగాను.

లేదంది. చిన్నప్పుడు ఆమె నింపేది, వాళ్ళ నాయన కాల్చేవాడు. పదిహేనేళ్లప్పుడు ఒకరోజు చేను గట్టు మీద ఆయన బీడీ ముట్టించుకుంటుంటే తుపాకీని ఎత్తి భుజానికి ఆనించి చూసింది. ఆయన కోప్పడలేదు. నీకెందుకు బిడ్డా, అని మెల్లగా చేతుల్లోంచి తీసుకున్నాడు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో అంది. పెళ్ళయ్యాక మా మామగారిని ఒకసారి అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. అది చెప్పి ఆమె లేచి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయింది. గురి చూసే ఆ కుడి కన్నే ముందు చెయ్యమని ఆమె ఎందుకు అడిగిందో నాకు అప్పుడు అర్థమైంది.

కోచ్‌తో మాట్లాడాను. ఆమె వయసు చూసి అతను కాస్త ఆలోచించాడు. ఎముకల డాక్టర్ చీటీ తెమ్మన్నాడు. తెచ్చాను. నిలబడి కాదు, కూర్చుని, తుపాకీ గొట్టాన్ని ఇసుక సంచి మీద ఆనించి కాల్చాలన్నాడు. భుజానికి మెత్తటి దిండు కట్టాలన్నాడు. దిండు నేను మా పాత బొంతలోంచి కుట్టాను.

ఆ పొద్దున ఆమె టిఫిన్ తినలేదు. తన తూటా తనే నింపుకుంది, తనే తుపాకీలో పెట్టుకుంది. కోచ్ ఒక పక్క, నేను ఒక పక్క మోకాళ్ళ మీద కూర్చున్నాం. మా ఆయన వెనక ఎక్కడో నిలబడి ఉన్నారు, దూది పెట్టుకోవడం మర్చిపోయి. ఆమె చెంపను తుపాకీ కర్రకు ఆనించి, చాలాసేపు చూసింది. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. తర్వాత మోత, పొగ. పొగలో ఆమె కనిపించకుండా పోయింది. మా ఆయన, అమ్మా అని పరుగెత్తుకొచ్చారు.

పొగ తేలాక ఆమె అలాగే కూర్చుని ఉంది. తెల్ల వెంట్రుకలు రెండు ముఖం మీద పడ్డాయి. లక్ష్యానికి చాలా పైన, గుట్ట మీద దుమ్ము లేస్తోంది. ఆమె ఆ దుమ్మును చూసింది, తుపాకీని చూసింది, నన్ను చూసింది.

"గింతేనా?" అంది.

నేను ఆమె ముఖం మీది వెంట్రుకలు పక్కకు తీశాను.

"యాభై ఏండ్లు దీన్ని గురించి అనుకున్న బిడ్డా. మా నాయిన గంత దూరం పెట్టిండంటే ఏందో ఉంటదనుకున్న. భుజం మీద ఎవడో దెబ్బ కొట్టినట్టుంది, గంతే." ఆమె నవ్వడం మొదలుపెట్టింది. దిండు ఊడి ఒళ్ళో పడేంతగా నవ్వింది. కోచ్ ఇంకొకటి కాలుస్తారా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "నింపుడే మంచిగుంటది. మందు పోసేటప్పుడు మనసు ఒక్క కాడ ఉంటది. గిది కోడలు చేస్తది."

దారిలో ఇడ్లీలు తిన్నాం. నాలుగు తింది. ఆమె నిరాశపడిందేమోనని నేను రెండు మూడు రోజులు కనిపెట్టి చూశాను. అలాంటిదేమీ కనపడలేదు. పైగా ఏదో పని ముగించిన మనిషిలా తేలిగ్గా ఉంది. రెండో కన్ను ఆపరేషన్‌కు తొందర లేదంది, చివరికి మా ఆయనే పట్టుబట్టి చేయించారు. వాళ్ళ నాయన గురించి మాత్రం అప్పటినుంచి ఎక్కువ మాట్లాడుతోంది. ఆయన మంచె మీద పాడే పాటలు, చలికి కప్పుకునే గొంగడి, పంది కనబడ్డా కాల్చకుండా గాల్లోకి పేల్చి వచ్చే అలవాటు. అంతకుముందు ఇవేవీ మేం వినలేదు.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు మాకు ఈ పనే. క్లబ్బులో పాత తుపాకుల పోటీ పెడితే నాకు నాలుగో స్థానం వచ్చింది. పాల్గొన్నది ఏడుగురం. మా ఆయన ఆ కాగితానికి ఫ్రేము కట్టించి, ఇంటికి వచ్చినవాళ్ళకు తనే చూపిస్తారు. ఇప్పటికీ చెవుల్లో దూది లేనిదే రేంజ్ గేటు దాటరు. కానీ గొట్టం కడగడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని సేటు అంటాడు.

మొన్న శుక్రవారం సేటు ఫోన్ చేశాడు. నాతో కాదు, అమ్మతో మాట్లాడాలన్నాడు. ఒక రిటైర్డ్ ఇంజనీరు తన తాత తుపాకీ పట్టుకుని వచ్చాడట, అచ్చంగా మన దానిలాంటిదే. మందు నింపడం నేర్చుకుంటానంటున్నాడట. ఆ పని నాకు రాదు, నేర్పే అమ్మ ఆదివారం వస్తది, గప్పుడు రాండ్రి అని చెప్పి పంపించానన్నాడు. అత్తమ్మ అంతా విని, ఔ, వస్త అని మాత్రం అంది.

ఆదివారం పొద్దున నేను తయారై గుమ్మంలో నిలబడ్డాను. లోపల ఆమె నూలు చీరలన్నీ మంచం మీద పరిచి ఉన్నాయి. నీలం రంగుదీ, గోధుమ రంగుదీ రెండు చేతుల్లో పట్టుకుని, ఏది కట్టుకుంటే నేర్పేదాని లెక్క కనబడ్త అని నన్ను అడిగింది.